పార్సిల్-2 పలుకుతోంది

బస్టాండు మేడ మీద, బస్సుల ప్రకటనలు చదివే గదికి ఆనుకుని ఒక ఇరుకు గది ఉంది. దానికి ఒకటే కిటికీ. అదీ ప్లాట్‌ఫారాల వైపు కాదు, వెనకున్న డీజిల్ ట్యాంకు వైపు. ఆ గదిలో కూర్చుని కింద ఉన్న అరవై నాలుగు కంప్యూటర్లు బతికున్నాయో లేదో చూడటం ఆమె ఉద్యోగం. టికెట్ కిటికీలవి, రిజర్వేషన్‌వి, వర్క్‌షాపువి, పార్సిల్ ఆఫీసువి, అన్నీ ఒక తెర మీద అరవై నాలుగు గళ్ళుగా కనిపిస్తాయి. రెండు నిమిషాలకొకసారి ఇక్కడి యంత్రం ఒక్కొక్కదాన్నీ పిలుస్తుంది. పలికితే గడి పచ్చగా ఉంటుంది. పలక్కపోతే ఎర్రబడుతుంది.

"బడిలో హాజరు పిలిచినట్టే అమ్మాయ్," అన్నాడు పెద్దసారు ఆమె చేరిన మొదటి రోజున. ఆ గదికి ఆయనే అధికారి. "పలికితే వచ్చినట్టు, పలక్కపోతే ఎగ్గొట్టినట్టు. ఎగ్గొట్టినవాడి పేరు పుస్తకంలో రాయి, లైన్‌మన్‌ని పంపు. ఇంతే బ్రహ్మవిద్య."

ఆమె చదువు తొమ్మిదో తరగతి మధ్యలోనే ఆగిపోయింది. అమ్మ మంచం పట్టింది, అక్క సంపాదిస్తోంది, ఇంట్లో ఒకరుండాలి. కంప్యూటర్ల ఉద్యోగం అనగానే ఆమెకు ముచ్చెమటలు పోశాయి గానీ, హాజరు అనే మాట వినగానే కాస్త ప్రాణం కుదుటపడింది. హాజరు ఆమెకు తెలిసిన విషయం.

ఆ ఉద్యోగం ఇప్పించింది అక్కే. పార్సిల్ ఆఫీసులో రెండో కిటికీ దగ్గర పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్న అక్క, చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కించి పెద్దసారు ముందు నిలబెట్టింది. "చదువు తక్కువే సార్. కానీ దీనికున్న భయం చాలు మీకు. గ్యాస్ కట్టానో లేదోనని వీధి చివరి నుంచి మూడుసార్లు వెనక్కెళ్ళి చూసొచ్చే రకం. మీ పెట్టెల్ని కంటికి రెప్పలా చూసుకుంటుంది," అంది. పెద్దసారు పగలబడి నవ్వాడు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం మాత్రం వచ్చింది.

అప్పటికి పాపకు ఏడాది నిండలేదు. ఆమెది పొద్దున ఆరున్నర నుంచి రెండున్నర దాకా పని. పాపను చూసుకోవడానికని అక్క ఏళ్ళ తరబడి చేస్తున్న పొద్దుటి షిఫ్టు వదులుకుని మధ్యాహ్నం షిఫ్టుకు మారింది. రోజూ రెండున్నర దాటాక బస్టాండు వెనక గేటు దగ్గర పాప అక్క చంకలోంచి చెల్లెలి చంకలోకి మారేది. "తిన్నదా?", "తిన్నది", "ఏడ్చిందా?", "నీకంటే తక్కువే". ఇంతే మాటలు. అక్కకు పిల్లల్లేరు. ఆ విషయం రెండిళ్ళలోనూ ఎవరూ ఎత్తేవారు కాదు. ఆఖరికి ఎత్తింది చెల్లెలే.

ఒకరోజు పొయ్యి గట్టు మీద దించి పెట్టిన పాల గిన్నెను పాప లాగింది. మోచేతి కింద చిక్కుడు గింజంత మేర కాలింది. ఆమె పని నుంచి ఇంటికి వచ్చేసరికే అక్క పాపను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, మందు రాయించి, నిద్రపుచ్చింది. డాక్టరు కూడా భయం లేదన్నాడు. భయం లేదన్న మాట ఆమెకు ఎన్నడైనా చెవికెక్కితే కదా. ఆ కట్టు చూడగానే ఒళ్ళు తెలియలేదు. నోరు ఆగలేదు.

"నీ కడుపున పుడితే తెలిసేది! కన్నదానికే తెలుస్తుంది కడుపు తీపి!"

అక్క చేతిలో ఉన్న పాప తువ్వాలును నాలుగు మడతలు పెట్టింది. దాన్ని మంచం అంచున ఉంచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె కూడా ఆపలేదు.

మర్నాటి నుంచి పాప, వీధిలో ఆరుగురు పిల్లల్ని చూసే ఒకావిడ దగ్గర ఉండటం మొదలైంది.

ఎనిమిదో రోజున, ఏడూ నలభైకి, తెర మీద పార్సిల్-2 అనే గడి పచ్చబడింది. పొద్దుటి గుమాస్తా ఎనిమిదింపావుకు గానీ రాడు. పార్సిల్ ఆఫీసులో ఎనిమిదికి ముందు వచ్చి కిటికీ తుడుచుకుని కూర్చునే మనిషి ఒక్కతే. అక్క మళ్ళీ పొద్దుటి షిఫ్టుకు మారిపోయిందన్నమాట. ఇక ఎవరి కోసం మధ్యాహ్నాలు పనిచేయాలి?

ఒంటిగంటకు ఆ గడి ఎర్రబడింది. ఒకటిన్నరకు మళ్ళీ పచ్చబడింది. అరవై నాలుగింటిలో భోజనానికి వెళ్తూ పెట్టె ఆపి వెళ్ళేది అదొక్కటే. మనిషి లేని గదిలో బల్బు వెలిగితే అక్క లేచి వెళ్ళి ఆర్పేసి వచ్చేది.

"ఎవరమ్మా ఈ పొదుపు మహాతల్లి? రోజూ నా లెక్క చెడగొడుతోంది," అని పెద్దసారు విసుక్కున్నాడు.

"మా అక్కండీ," అంది ఆమె గొప్పగా. అన్నాక గుర్తొచ్చింది, తాము మాట్లాడుకోవడం లేదని.

అప్పటినుంచి ఆమె రోజు ఏడూ నలభైకి మొదలయ్యేది. అంతకుముందు ఎన్ని గళ్ళు వెలిగినా అవి పెట్టెలే. పార్సిల్-2 వెలిగితే మాత్రం, అక్క లేచింది, జ్వరం గట్రా ఏమీ లేదు, బస్సు దొరికింది, వచ్చి కూర్చుంది అనుకునేది. ఒకరోజు ఎనిమిదింటికి గానీ వెలగకపోతే ఆ ఇరవై నిమిషాలూ గోళ్ళు కొరుక్కుంది. ఈ గది నుంచి పార్సిల్ ఆఫీసుకు గట్టిగా నూటయాభై అడుగులు. మెట్లు దిగి, తాగునీటి కుళాయి దాటి, ఎడమకు తిరిగితే వచ్చేస్తుంది. వెళ్ళాలనే అనుకునేది. అయినా అక్క బాగానే ఉందిగా, వచ్చిందిగా, రేపు వెళ్దాం అనుకునేది. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం వెనక గేటు వదిలేసి చుట్టూ తిరిగి పోయేది. అక్క ఉండే వీధి మీదుగా నడవడమే మానేసింది.

"వెళ్ళి ఒక మాట మాట్లాడితే నీ నోటి ముత్యాలేం రాలిపోవు," అన్నాడు మొగుడు.

"మొహం మీదే తలుపేస్తే?"

"కిటికీయే కదా, తలుపు లేదుగా."

నవ్వొచ్చింది గానీ కాలు కదల్లేదు. అలా ఆరు నెలలు గడిచాయి.

ఒక సోమవారం ఒంటిగంటకు పార్సిల్-2 ఎర్రబడింది. అది మామూలే. పది నిమిషాలకే పచ్చబడింది. అది మామూలు కాదు. నాలుగు నిమిషాలాగి మళ్ళీ ఎరుపు. మళ్ళీ పచ్చ. ఒకటిన్నర లోపు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లు పోయింది. అక్కకు ఈ తెర తెలుసు. ఉద్యోగం ఇప్పించిన రోజున పక్కనే నిలబడి, "అయితే నేను పెట్టె ఆపితే నీకిక్కడ తెలిసిపోతుందా? అమ్మో, నా గుట్టంతా నీ చేతిలో పడిందే!" అని నవ్వింది కూడా.

పిలుస్తోందా?

లేచి మెట్లు దిగింది. సగం మెట్ల దగ్గర మలుపులో ఆగింది. పిలుపు కాకపోతే? పెట్టె నిజంగానే పాడైతే? పళ్ళికిలించుకుని ఎదురుగా నిలబడ్డాక, "ఎవరు రమ్మన్నారు నిన్ను?" అంటే? మళ్ళీ పైకి ఎక్కేసింది.

మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే. ఆ గదిలో అలా వచ్చిపోయే పెట్టెకు దోబూచి పెట్టె అని పేరు. మూడు రోజులు దోబూచులాడితే వైరు వదులైనట్టు పుస్తకంలో రాసి లైన్‌మన్‌ని పంపాలి. అది పెద్దసారు పెట్టిన కట్టుబాటు. ఆమె పుస్తకం తీసింది. 'పార్సిల్-2. వైరు వదులు. చూడవలెను.' గుండ్రటి అక్షరాలతో రాసి కింద సంతకం పెట్టింది. రాస్తున్నంతసేపూ లోపల ఒక ఆశ. లైన్‌మన్ వెళ్తే అక్కడి సంగతి కాస్త తెలుస్తుంది కదా. రాయబారికి రాయబారి, పనికి పని.

లైన్‌మన్ గంటలో తిరిగొచ్చాడు. అడిగినదానికి తప్ప నోరు విప్పని మనిషి.

"ఏమైందన్నా?"

"వైరు బాగానే ఉన్నట్టుంది. నువ్వు రాశావుగా, మార్చేశా."

"అక్క... అక్కడ ఎవరైనా ఏమైనా అన్నారా?"

"మీ అక్కేగా ఉండేది. 'పంపింది చెల్లేనా?' అంది. 'ఆ, తనే రాసి సంతకం పెట్టింది' అన్నా."

"అంటే?"

"నవ్వింది."

నవ్విందా! ఆమె ఆ రోజంతా ఆ ఒక్క ముక్కను చప్పరిస్తూ గడిపింది. నవ్విందంటే కోపం తగ్గిందనే కదా. మర్నాటి నుంచి దోబూచులాట ఆగిపోయింది. అయితే వైరే. వైరుకు కూడా ఎంత కంగారు పడిపోయాను అని తనను తాను తిట్టుకుంది.

శుక్రవారం పెద్దసారు కొత్త ఏర్పాటు చేశాడు. ఇకమీదట ఏ గుమాస్తా తన పెట్టెను ఆన్ చేయనక్కర్లేదు. పొద్దున ఏడున్నరకు ఈ గది నుంచే అన్నింటికీ ఒక సైగ వెళ్తుంది, అవి వాటంతటవే లేస్తాయి. భోజనానికి వెళ్తూ ఎవరూ ఆపకూడదని కిందంతా నోటీసు కూడా అంటించారు. ఏ పెట్టెల్ని లేపాలో ఆ జాబితా కొట్టింది ఆమే. ఒక్కో నంబరూ వేలు పెట్టి చదువుకుంటూ, అరవై నాలుగూ తప్పు లేకుండా కొట్టింది. పార్సిల్-2 నంబరు దగ్గరకొచ్చేసరికి, పాపం అక్కకు రోజూ వంగి ఆ మీట నొక్కే పని తప్పిందిలే అనుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు పార్సిల్-2 పొద్దున ఏడున్నరకల్లా పచ్చగా వెలిగింది, సాయంత్రం దాకా ఒక్క రెప్ప వేయకుండా. ఒంటిగంటకు ఎర్రబడకపోతే మొదటి రోజు కాస్త వెలితిగా అనిపించింది. నోటీసు పెట్టారుగా, అక్క మాత్రం ఏం చేస్తుంది అనుకుంది. వైరూ బాగుంది, అక్కా బాగుంది. ఆ పచ్చదనం చూసి చూసి ఆమెకు ధైర్యం వచ్చింది. పాప మూడో పుట్టినరోజు మంగళవారం వస్తోంది. ఆ రోజు పాపను తీసుకెళ్ళి ఆ కిటికీ ముందు నిలబెట్టాలి. తనను చూసి మొహం తిప్పుకున్నా, పాపను చూసి తిప్పుకోదు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే వంకతో ఏమేం అనాలో మూడుసార్లు మనసులో వల్లించుకుంది. 'తప్పయిపోయింది అక్కా.' అంతకంటే ముందు ఇంకో మాట ఉండాలి. అది ఎంత వెతికినా దొరకలేదు.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి మొగుడు పాపను మేడ మెట్ల దాకా తెచ్చి అప్పజెప్పి వెళ్ళాడు. కొత్త గౌను, రెండు జడలు, వాటికి రెండు రంగుల రిబ్బన్లు. రెండున్నరకు ఆమె పుస్తకం మూసి, లేచే ముందు తెర చూసింది. పచ్చగా ఉంది. అక్క కూర్చునే ఉంది. పాపను చంకనేసుకుని దిగింది. మలుపు దగ్గర ఆగలేదు.

పార్సిల్ ఆఫీసులో రెండో కిటికీ మూసి ఉంది. అద్దం వెనక కంప్యూటరు తెర వెలుగుతోంది. దాని ముందు కుర్చీలో ఎవరివో మూటలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి.

పార్సిళ్ళు తూచే ముసలాయన తల ఎత్తాడు. అందరూ ఆయన్ను తూకం బాబాయ్ అంటారు. "అరె, చిన్నమ్మాయివే! దారి తప్పావా ఏంటి? పాప ఎంత పొడుగైపోయింది!"

"అక్క ఇవాళ సెలవా బాబాయ్?"

"ఏ అక్క?"

"మా అక్క. రెండో కిటికీ."

తూకం బాబాయ్ చేతిలో ఉన్న మూటను మెల్లగా కింద పెట్టాడు. "వెళ్ళిపోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులమ్మా. బదిలీ అడిగి మరీ పెట్టించుకుంది. మీ బావకు కూడా అక్కడే ఏదో పని దొరికిందట. పొద్దున బస్సెక్కితే రాత్రికి దిగే ఊరు." ఆమె మొహం చూసి ఆగాడు. "నీకు తెలీదా?"

"పొద్దున కూడా ఉంది," అంది ఆమె. "నేను చూశా."

"ఎక్కడ చూశావు?"

ఆమె వెలుగుతున్న ఆ తెర వైపు వేలు చూపించబోయి, మధ్యలోనే దించేసింది.

"మాకెవరికీ నీతో అనాలని తోచలేదమ్మా," అన్నాడు ఆయన నొచ్చుకుంటూ. "తోడబుట్టిన దానివి, మాకంటే ముందు నీకే తెలిసుంటుందనుకున్నాం. వెళ్ళే ముందు వారం ఇక్కడే కూర్చుని ఆ పెట్టెను ఆపడం, వేయడం, ఆపడం, వేయడం. 'ఏంటమ్మా, పిచ్చి పట్టిందా దానికి?' అన్నా. 'లేదు బాబాయ్, పైనుంచి చెల్లి చూస్తుంటుంది. దిగొస్తుంది' అంది. మూడు రోజులు అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఆ మెట్ల వైపే చూపు. మూడో రోజున లైన్‌మన్ వచ్చాడు, వైరు చుట్ట భుజానేసుకుని."

పాప కిందికి దిగుతానని గింజుకుంటోంది. ఆమె దించింది. పక్కనున్న బల్ల మీద కూర్చుని, ఏడు నెలలుగా నొక్కని ఆ నంబరును నొక్కింది. నాలుగుసార్లు మోగాక అక్క ఎత్తింది.

"చెప్పు," అంది. పార్సిల్ కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళతో అన్నట్టే.

"అక్కా..."

"ఊఁ."

"నాకు తెలీదక్కా. వైరనుకున్నా. దేవుడి తోడు, వైరే అనుకున్నా."

"అనుకోలేదు," అంది అక్క మెత్తగా. "ముందు పిలిచేది నేనే అనుకున్నావు. ఆ తర్వాత భయమేసింది. అప్పుడు వైరనుకున్నావు. నిన్ను నేనేగా పెంచింది."

ఆమెకు వల్లించుకున్న మాట ఒక్కటీ రాలేదు. "తప్పయిపోయింది. ఆ రోజు అన్న మాట..."

"ఆ మాటెందుకు ఇప్పుడు. భయమేసినప్పుడు మనిషి చేతికందిందల్లా విసురుతాడు. నువ్వూ విసిరావు. అది సరిగ్గా తగిలే చోటే తగిలింది. నీ తప్పేముంది అందులో." అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. "పాపకు నేను గుర్తున్నానా?"

"రోజూ అడుగుతుంది అక్కా."

"అబద్ధం. నువ్వు అబద్ధమాడినప్పుడే చివర్లో 'అక్కా' అంటావు."

నిజమే. పాప అడగడం మానేసి చాలా నెలలైంది. పిల్లలకు ఏడు నెలలంటే మనకు ఏడేళ్ళు.

"ఇవాళ పుట్టినరోజు. ఇక్కడే ఉంది, పక్కనే. ఇస్తానుండు, ఒక్క మాట..."

"వద్దు!" ఇందాకటి నుంచి మెత్తగా ఉన్న గొంతు ఒక్కసారిగా చీలింది. "ఇవ్వకు. ఫోను పాపకు ఇవ్వకు. నేను వినలేను."

ఆమె ఫోను రెండు చేతులతో చెవికి అదుముకుంది. అవతల అక్క ఊపిరి వినిపిస్తోంది. ఎగపీల్చుకుంటోందో, ఊరికే తీసుకుంటోందో తెలియలేదు.

"ఆ మూడు రోజులూ ఒకటే అనుకున్నా," అంది అక్క కాసేపటికి. "అది దిగొస్తే బదిలీ కాగితం చింపేద్దామని. సంచిలోనే పెట్టుకుని తిరిగా. పోనీలే. ఇక్కడ కిటికీ దగ్గర గాలి బాగా వస్తుంది. పాపకు బట్టలు కొన్నావా?"

"కొన్నా."

"మంచిది. ఉంటా మరి."

ఆమె బల్ల మీద అలాగే ఉండిపోయింది. పాప తూకం పళ్ళెం ఎక్కి నిలబడి, "నేనెంత, నేనెంత?" అని గెంతుతోంది. తూకం బాబాయ్ ఏదో అంకె చెప్పాడు. ఆమెకు వినపడలేదు.

ఆ ఆదివారం మళ్ళీ ఫోను చేసింది. బావ ఎత్తాడు. "మీ అక్క స్నానానికి వెళ్ళిందమ్మా. వచ్చాక చేయిస్తాలే," అన్నాడు. సాయంత్రం దాకా ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగింది. రాలేదు. తర్వాతి ఆదివారం చేస్తే, నిద్రపోతోందన్నాడు. అప్పుడు టైము పొద్దున పదకొండు. అక్క పుట్టి బుద్ధెరిగాక పగటిపూట పడుకుని ఎరగదు.

మూడో ఆదివారం కూడా బావే ఎత్తాడు. అబద్ధాలు చేతకాని మనిషి. "బాగున్నావామ్మా? పాప బాగుందా? ఇక్కడైతే పొద్దుట్నుంచీ ఒకటే వర్షం, కాలు బయట పెట్టలేకపోతున్నాం," అన్నాడు.

"అక్క ఉందా బావా?"

ఆయన ఫోనును చేత్తో మూసినట్టున్నాడు. అవతల ఏదో గుసగుస, ఒక దగ్గు. ఆ దగ్గు ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"మీ అక్క... పైన... బట్టలు ఆరేస్తోందమ్మా," అన్నాడు బావ.

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"సరే బావా," అంది. "ఆరేసుకోనివ్వండి. తొందరేం లేదని చెప్పండి."